సైకిల్ మీద విశాఖ: ఏ వేళకు ఏ దారి, ఏ దారిలో ఏ తిండి

విశాఖపట్నాన్ని సైకిల్ మీద చూడాలనుకునేవారికి ముందుగా ఆ ఊరి ఎత్తుపల్లాలు తెలియాలి. ఒక పక్క సముద్రం, మిగిలిన పక్కలన్నీ కొండలు. ఆర్.కె. బీచ్ దగ్గర మొదలైన తీరపు రోడ్డు ఋషికొండ మీదుగా భీమునిపట్నం (భీమిలి) దాకా దాదాపు పాతిక కిలోమీటర్లు సాగుతుంది. దానిలో మొదటి భాగం చిన్నపిల్లలు కూడా తొక్కగలిగినంత చదును. కైలాసగిరి పాదం దాటాక ఎత్తులు, వాలులు మొదలవుతాయి. ఊరి లోపలి దారులు అంతకంటే మొండివి. నాలుగు వీధులు తిరిగేలోపు ఒక మెరక తగలకుండా ఉండదు.

ఇలాంటి ఊరికి వచ్చే సైకిలిస్టులు ఎక్కువగా చేసే తప్పు ఒకటుంది. చూడాల్సిన స్థలాల జాబితా శ్రద్ధగా రాసుకుంటారు, తిండి సంగతి మాత్రం దారిలో చూసుకోవచ్చులే అని వదిలేస్తారు. కారులో తిరిగేవారికి అది చెల్లుతుంది. సైకిల్ మీద తిరిగేవారికి తిండే ఇంధనం. పొద్దున తిన్న రెండు పూరీలతో పదకొండు గంటలవేళ భీమిలి దారిలోని తొట్లకొండ ఎక్కుతుంటే కాళ్లు ఎంతసేపు మాట వింటాయి? అందుకే స్థలాల వరుస కంటే ముందు వేళల వరుస వేసుకోవాలి. ఏ వేళకు ఎండ ఎక్కడ ఉంటుంది, గాలి ఎటు వీస్తుంది, ఎక్కడ ఏం తినడానికి దొరుకుతుంది అన్న మూడూ తేలితే చూడాల్సినవి వాటంతటవే వరుసలోకి వస్తాయి.

కాలం, గాలి

సైకిల్ యాత్రకు నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గరే తీరం దాటింది. ఆ రెండు నెలల్లో వచ్చేవారు వాతావరణ హెచ్చరికలు చూసుకొని బయలుదేరాలి. వేసవిలో వేడి కంటే ఉక్కపోత ఎక్కువ బాధిస్తుంది. చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. ఏప్రిల్, మే నెలల్లో ఉదయం ఎనిమిదిన్నర లోపే ఆ పూట సవారీ ముగించడం మేలు.

గాలి విషయం చాలామంది పట్టించుకోరు. వేసవిలో ఈ తీరాన నైరుతి గాలి వీస్తుంది. భీమిలి విశాఖకు ఈశాన్యంగా ఉంది. కాబట్టి పోయేటప్పుడు గాలి వీపును తోస్తుంది, సైకిల్ పరుగులు తీస్తుంది, తొక్కేవారికి తమ బలం మీద నమ్మకం పెరిగిపోతుంది. తిరిగి వచ్చేటప్పుడు అదే గాలి ఎదురు నిలబడుతుంది. చలికాలంలో ఈశాన్యపు గాలి వల్ల ఇది తిరగబడుతుంది. వేసవిలో భీమిలి వెళ్లేవారు సగం శక్తి కంటే ఎక్కువ తిరుగు దారికి మిగుల్చుకోవాలి.

బయలుదేరే ముందు

1. బ్రేకులు చూపించుకోవాలి. ఈ ఊళ్లో ఎక్కడం కంటే దిగడమే ప్రమాదకరం. బ్రేకు కట్టలు అరిగి ఉంటే ఊరు చేరిన మొదటి గంటలోనే మార్పించాలి.

2. రెండు నీళ్ల సీసాలు పెట్టుకోవాలి. ఒకదానిలో మామూలు నీళ్లు, రెండోదానిలో ఉప్పు, పంచదార, నిమ్మరసం కలిపిన నీళ్లు. గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాకా తాగాలి. దాహం వేసినప్పుడు తాగుదామనుకుంటే అప్పటికే ఆలస్యం అవుతుంది. పావుగంటకోసారి కొన్ని గుక్కలు తాగడం మంచి అలవాటు.

3. గట్టి తాళం తప్పనిసరి. మ్యూజియంలు, గుళ్లు, కొండమెట్లు చూసేటప్పుడు సైకిల్‌ను వదలాల్సి వస్తుంది. ఒక టీ బడ్డీ దగ్గర టీ తాగి, "కాస్త సైకిల్ చూస్తుండండి, గంటలో వస్తాను" అని అడిగితే కాదనేవారు అరుదు. తాళం వేసి, మనిషి కంట పడేచోట ఉంచితే మనసు కుదుటపడుతుంది.

4. జేబులో పల్లీ చిక్కీ లేదా బెల్లం ముక్క ఉండాలి. అనకాపల్లి బెల్లం మార్కెట్ దేశంలోనే పెద్ద పేరున్నది. ఆ బెల్లం విశాఖ బజార్లలో సులువుగా దొరుకుతుంది. గుప్పెడు వేయించిన పల్లీలు, నిమ్మకాయంత బెల్లం ఉంటే ఖరీదైన ఎనర్జీ బార్ల అవసరం ఉండదు.

మొదటి ఉదయం: పాత పట్నం

కొత్త ఊళ్లో మొదటి రోజే దూరం పెట్టుకోకూడదు. పాత పట్నం అయిదారు కిలోమీటర్లలో తిరిగిరావచ్చు. కాళ్లకు ఊరి మెరకలు అలవాటవుతాయి.

ఆరు గంటలకు ముందే ఫిషింగ్ హార్బర్ చేరితే వేలంపాట చూడవచ్చు. పడవల్లోంచి దిగిన గంపలు, సిమెంటు నేల మీద పరిచిన చేపలు, వాటి చుట్టూ పాటపాడే గొంతులు. వంజరం, చందువా, రొయ్యలు ఒక్కోటీ ఒక్కో కుప్ప. నేల ఎప్పుడూ తడిగా, జారుడుగా ఉంటుంది కాబట్టి సైకిల్ బయటే ఉంచి నడిచి వెళ్లాలి. ఫొటో తీసేముందు అడగాలి. పని మధ్యలో అడ్డు నిలబడకూడదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం ఉంటుంది. ఆ రోజుల్లో హార్బర్‌లో ఈ సందడి ఉండదు. హోటళ్లలో కనిపించే పెద్ద సముద్రపు చేప చాలావరకు ఐసులో నిలవ ఉన్నదే అవుతుంది. అప్పుడు చేప కంటే గుడ్డు, పప్పు, కూరగాయల భోజనం నమ్ముకోవడం తెలివైన పని.

హార్బర్ నుంచి పాత పోస్టాఫీసు వైపు వస్తే మూడు గుట్టలు పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి. ఓడలు రేవులోకి వచ్చే కాలువ వీటి కాళ్ల దగ్గరే ఉంది. ఒక్క గుట్ట ఎక్కితే చాలు, రేవు పనితీరు అంతా కళ్లకు కడుతుంది. దారి నిటారుగా ఉంటుంది కాబట్టి సైకిల్ కిందే వదలాలి. అక్కడికి దగ్గర్లోనే బురుజుపేట కనకమహాలక్ష్మి ఆలయం. గర్భాలయానికి పైకప్పు లేని ఆ గుడిలో భక్తులు అమ్మవారికి స్వయంగా పసుపు కుంకుమలు సమర్పించుకుంటారు. మార్గశిర మాసంలో, అందులోనూ గురువారాల్లో, ఆ వీధుల్లో నడవడానికే చోటుండదు. ఆ రోజుల్లో సైకిల్‌ను బసలోనే ఉంచి రావాలి.

ఈ తిరుగుడు మధ్య తినాల్సింది ఏమిటి? ఇడ్లీ, దోసె ఎక్కడైనా ఉంటాయి. ఉత్తరాంధ్ర ఉదయానికి తగినది చోడంబలి. రాగులను ఇక్కడ చోళ్లు అంటారు. బండి మీద పెద్ద స్టీలు బిందె, దాని మూత మీద తరిగిన ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు, పక్కన చిన్న డబ్బాలో ఊరమిరపకాయలు. అమ్మే ఆవిడ గరిటెతో అడుగునుంచి కలిపి, చిక్కదనం చూసుకొని, మజ్జిగ పోసి మళ్లీ కలుపుతుంది.

"ఉల్లిపాయ ఎయ్యమంటావా బాబూ?"

"వెయ్యమ్మా. కాస్త ఉప్పు కూడా."

పెద్ద గ్లాసుడు తాగితే పిండిపదార్థం, నీళ్లు, ఉప్పు మూడూ ఒకేసారి ఒంటికి అందుతాయి. కడుపు బరువెక్కదు. తాగిన పావుగంటకే తొక్కడం మొదలుపెట్టవచ్చు. ఇంత సరిపోయే సైకిల్ ఆహారం ఇంకొకటి దొరకడం కష్టం. ఎండాకాలంలో ఈ బండ్లు చాలా కూడళ్లలో కనిపిస్తాయి. ఎండ ముదిరేకొద్దీ బిందె అడుగంటుతుంది కాబట్టి త్వరగా వెళ్లాలి.

మధ్యాహ్నం భోజనం

మొదటి రోజు మధ్యాహ్నం పూర్తి భోజనానికి అనువైన పూట, ఎందుకంటే ఆ తర్వాత పడుకోవచ్చు. ముద్దపప్పు, ఆవకాయ, గుమ్మడికాయ దప్పళం, ఆవపెట్టిన కూర ఉత్తరాంధ్ర విస్తరిలో చూడాల్సినవి. పనసపొట్టు కూర దొరికే కాలమైతే దాన్ని వదులుకోకూడదు. పచ్చి పనసకాయను సన్నగా కొట్టి, చింతపండు పులుపుతో వండి, చివర్లో ఆవ కలిపే ఆ కూర పెళ్లిళ్లకు, పండగలకు ప్రత్యేకం. రోజూ అన్ని హోటళ్లలోనూ ఉండదు. ఉందా అని అడగడంలో తప్పులేదు.

హోటల్ ఎంచుకునే పద్ధతి తేలిక. ఒంటిగంట సమయంలో ఆటో డ్రైవర్లు, ఆఫీసు గుమస్తాలు ఎక్కడ వరుస కడుతున్నారో చూడాలి. అన్నం పొగలు కక్కుతూ వస్తోందా, పెరుగు గడ్డగా ఉందా అన్నవి రెండు గుర్తులు. భోజనం తర్వాత కనీసం రెండు గంటలు సైకిల్ ముట్టకూడదు.

సాయంత్రం: బీచ్ రోడ్డు

ఎండ వాలాక ఆర్.కె. బీచ్ వైపు రావాలి. ఈ తీరం తూర్పుకు తిరిగి ఉంటుంది. సాయంత్రానికి ఎండ కొండల వెనక్కి పోయి, రోడ్డు మీద నీడ పరుచుకుంటుంది. ఇక్కడ ముఖ్యంగా చూడాల్సింది కురుసుర జలాంతర్గామి. సోవియట్ యూనియన్‌లో తయారై 1969లో నౌకాదళంలో చేరింది. 1971 యుద్ధకాలంలో పనిచేసింది. 2001లో విరమించి, మరుసటి ఏడాది ఇసుక మీద మ్యూజియంగా నిలిచింది. సుమారు 91 మీటర్ల పొడవున్న దాని లోపల ఒక చివర ఎక్కి మరో చివర దిగాలి. గుండ్రటి ద్వారాల్లోంచి వంగి దూరాల్సి వస్తుంది. వీపు సంచి, హెల్మెట్‌తో ఆ దారిలో ఇబ్బందే. సామాను ముందే ఎక్కడైనా పెట్టాలి. ఎదురుగా రోడ్డు అవతల టీయూ-142 విమాన మ్యూజియం. సముద్రం మీద నిఘా కాసిన ఆ విమానాన్ని 2017 డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ మ్యూజియంగా ప్రారంభించారు. ఈ రెండు మ్యూజియంలకూ సోమవారం సెలవు ఉంటుంది కాబట్టి ఆ రోజును భీమిలికి కేటాయించుకోవాలి. అదే రోడ్డు మీద డచ్చివారి కాలపు బంగళాలో విశాఖ మ్యూజియం ఉంది. తీరిక ఉంటే అదీ చూడవచ్చు.

సాయంత్రం జనం ఎక్కువ కాబట్టి ఇక్కడ వేగంగా తొక్కడానికి వీలుండదు, అవసరమూ లేదు. హాయిగా తొక్కాలనుకునేవారు తెల్లవారుజామునే రావాలి. ఉదయం కొద్ది గంటలు ఈ రోడ్డులో కొంత భాగంలోకి మోటారు వాహనాలను రానివ్వరు. నడిచేవారు, పరుగెత్తేవారు, సైకిళ్లవారు రోడ్డంతా పంచుకుంటారు. పిల్లలతో వచ్చిన కుటుంబాలకు ఇంతకంటే భద్రమైన వేళ ఉండదు.

బీచ్ తిండి అంటే మురీ మిక్చర్. మరమరాలు, ఉల్లిపాయ, టమాటా, కొత్తిమీర, వేయించిన పల్లీలు, కారం, నిమ్మరసం గిన్నెలో వేసి గరిటెతో టకటకా కలిపి పొట్లం కట్టి ఇస్తారు. అప్పుడే కలిపింది అప్పుడే తినాలి. అయిదు నిమిషాలు ఆగితే మెత్తబడిపోతుంది. పక్కనే మిరపకాయ బజ్జీలు, పునుగులు, నిప్పుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తులు. సవారీ ముగిశాక ఏదైనా తినవచ్చు. సవారీ ఇంకా మిగిలి ఉంటే బజ్జీల జోలికి పోకుండా కాల్చిన పొత్తు, కొబ్బరి బోండాంతో సరిపెట్టుకోవాలి. నూనెలో వేగింది కడుపులో నిలిచిపోయి మెరకల మీద ఆయాసం తెప్పిస్తుంది.

ఒక హెచ్చరిక. ఆర్.కె. బీచ్‌లో అలల వెనక లాగుడు బలంగా ఉంటుంది. చెమట పట్టిన ఒంటితో నీళ్లలోకి దిగాలనిపించడం సహజమే. పాదాలు తడుపుకోవడంతో ఆగిపోవాలి.

రెండో రోజు: భీమిలి దారి

ఈ యాత్రలో ఎక్కువ ఆనందాన్నిచ్చే రోజు ఇది. ఉదయం అయిదున్నరకు బయలుదేరాలి. ఖాళీ కడుపుతో వద్దు. రెండు అరటిపళ్లు, ఒక గ్లాసు పాలు లేదా టీ చాలు. అసలు ఉపాహారం ఋషికొండ దగ్గర చేయవచ్చు.

తెన్నేటి పార్కు, జోడుగుళ్లపాలెం, సాగర్‌నగర్ దాటేసరికి ఒళ్లు వేడెక్కుతుంది. కుడిచేతి వైపు సూర్యుడు పైకి వస్తుంటాడు, కాబట్టి టోపీ అంచు లేదా నల్లకళ్లద్దాలు ఉపయోగపడతాయి. ఋషికొండ బీచ్ 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందింది. ఇక్కడ అరగంట ఆగి ఇడ్లీ, పెసరట్టు తినాలి. పెసరట్టులో ఉప్మా పెట్టించుకుంటే మరో రెండు గంటలదాకా ఆకలి ఉండదు.

తరువాత మంగమారిపేట. తీరాన సహజంగా ఏర్పడిన రాతి తోరణం ఉంది. దానికి దగ్గర్లోనే ఎడమవైపు తొట్లకొండకు దారి చీలుతుంది. సముద్రమట్టానికి 128 మీటర్ల ఎత్తున ఉన్న ఆ కొండ మీద సుమారు రెండువేల ఏళ్ల కిందటి బౌద్ధారామం శిథిలాలున్నాయి. స్తూపాలు, విహారాల గదులు, భిక్షువుల భోజనశాల, వాన నీటికోసం రాతిలో తొలిచిన తొట్లు. 1976లో నౌకాదళం సర్వే చేస్తుండగా ఇది బయటపడింది. 1988 నుంచి 1993 దాకా రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. కళింగానికి వచ్చిపోయే సముద్ర వర్తకుల ఆదరణతో బతికిన ఆరామం ఇది. అక్కడ నిలబడి కిందికి చూస్తే ఆ చోటు ఎందుకు ఎంచుకున్నారో ఎవరూ చెప్పనక్కరలేదు.

కొండ ఎక్కేందుకు పాటించాల్సినవి:

1. తక్కువ గేరు ముందే వేసుకోవాలి. మెరక మీద బలంగా తొక్కుతూ గేరు మారిస్తే చైను జారుతుంది.

2. గేర్లు లేని సైకిలైతే దిగి నడిపించుకుంటూ వెళ్లాలి. దానిలో చిన్నతనం ఏముంది? కొండ మీద చూడాల్సినవాటికి ఊపిరి మిగలడం ముఖ్యం.

3. దిగేటప్పుడు రెండు బ్రేకులూ విడతలు విడతలుగా నొక్కాలి. ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టేస్తే మనిషి ముందుకు పడతాడు.

మళ్లీ తీరపు రోడ్డు ఎక్కితే భీమిలికి ముందు ఎర్రమట్టి దిబ్బలు వస్తాయి. వేల ఏళ్లుగా గాలి, నీరు, సముద్రమట్టపు మార్పులు కలిసి ఏర్పరచిన ఈ ఎర్రని ఇసుక లోయలను 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. ఇక్కడ సైకిల్ బయటే వదలాలి. గట్ల మీద చక్రాలు తిప్పితే ఆ గాడిలో వాననీరు పారి గట్టు కోసుకుపోతుంది. ఒకసారి కోసుకుపోయింది తిరిగి రాదు. సైకిలిస్టులు ముచ్చటపడి వాలుల మీద తొక్కుతూ వీడియోలు తీసుకోవడం ఇక్కడ నిజంగా బాధ కలిగించే అలవాటు. కాలిబాటలో నడిచి చూసినా ఆ రంగు, ఆ మలుపులు అంతే అందంగా కనిపిస్తాయి.

భీమునిపట్నం గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట ఉన్న చిన్న పట్నం. 1861లోనే మునిసిపాలిటీ అయింది. పదిహేడో శతాబ్దంలో డచ్చివారు ఇక్కడ వర్తకస్థావరం పెట్టుకున్నారు. వారి సమాధుల తోట, దీపస్తంభం, పాత వీధులు అన్నీ ఒకటి రెండు కిలోమీటర్ల లోపే. నెమ్మదిగా తొక్కుతూ చూడడానికే పుట్టినట్టున్న ఊరు. వేట ఉన్న కాలమైతే భోజనానికి వేయించిన చేప, వేడి అన్నం తినవచ్చు. చేప ముందే మసాలా పట్టించి పెట్టిన దుకాణాల్లో ముక్క తాజాదనం తెలియదు. వేయించేముందు చేపను చూపించమని అడగాలి. మొప్పలు ఎర్రగా, కళ్లు ఉబ్బుగా, నొక్కితే మాంసం గట్టిగా ఉంటే తాజాది. వేసవిలో దారి పక్కన తాటి ముంజలు, చలికాలంలో తేగలు అమ్ముతుంటారు. మూడు ముంజలు తింటే సీసాడు నీళ్లు తాగినంత చల్లదనం.

తిరుగు ప్రయాణం మూడున్నర తర్వాతే పెట్టుకోవాలి. ఒక ఉదాహరణ. ఇద్దరు కుర్రాళ్లు మే నెలలో పదింటికి భీమిలి చేరారనుకుందాం. కాళ్లలో బలముంది కదా అని వెంటనే వెనక్కి తిరిగితే నడినెత్తిన ఎండ, ఎదురు గాలి, తారు వేడి మూడూ కలిసి వస్తాయి. ఋషికొండ చేరేసరికి తల తిరుగుతుంది. చెమట పట్టడం ఆగిపోవడం, ఒళ్లు వణకడం, వాంతి వచ్చేలా ఉండడం వడదెబ్బ గుర్తులు. అలా అనిపించిన క్షణంలో సైకిల్ దిగి, నీడకు చేరి, ఒళ్లు తడిపి, మాట తడబడుతుంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. గమ్యం రేపటికి వాయిదా వేయవచ్చు.

మూడో రోజు: రెండు కొండలు

కైలాసగిరికి రోప్‌వే ఉంది. సైకిల్ కింద తాళం వేసి తీగల బండిలో పైకి పోవడం సుఖం. అక్కడి నుంచి తీరపు వంపు మొత్తం కనిపిస్తుంది.

సింహాచలం వేరు. హనుమంతవాక, అడవివరం మీదుగా కొండపాదం చేరి, అక్కడ సైకిల్ వదిలి మెట్ల దారిన ఎక్కాలి. వరాహలక్ష్మీనృసింహస్వామి ఏడాది పొడవునా చందనపు పూతలో ఉండి, అక్షయతృతీయ నాడు మాత్రమే నిజరూప దర్శనం ఇస్తాడు. ఆషాఢ పౌర్ణమి ముందురోజు నుంచి సుమారు 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ జరుగుతుంది. లక్షలమంది కాలినడకన బీచ్ రోడ్డు దాకా వచ్చి కొండ చుట్టి వెళతారు. ఆ రెండు రోజులూ ఈ దారులు నడిచేవారివి, సైకిల్ అక్కడికి తేకూడదు. కొండ అనాస, పనసలకు పేరున్నది. అనాస కాలంలో కోసిన ముక్కల మీద ఉప్పు కారం చల్లి అమ్ముతారు. మెట్లు దిగాక అది తింటే అలసట తీరుతుంది.

డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు వెళ్లాలన్న కోరిక చాలామందికి ఉంటుంది. రేవు చుట్టూ తిరిగి పోయే ఆ దారిలో భారీ లారీలు ఎక్కువ. సైకిల్ మీద దానిని మానుకోవడమే మంచిది. ఆటోలో వెళ్లవచ్చు.

ఊరు విడిచే ముందు

ఉప్పుగాలి సైకిల్‌ను తినేస్తుంది. రోజూ బసకు చేరగానే మంచినీళ్లతో తుడిచి, చైను ఆరాక రెండు చుక్కల నూనె వేయాలి. ఇసుకతో ఉన్న చైనుకు నూనె వేస్తే అది ముద్దకట్టి పళ్లను అరగదీస్తుంది, కాబట్టి తుడవడం ముందు, నూనె తరువాత.

ఇంటికి పట్టుకెళ్లేందుకు మాడుగుల హల్వా తగినది. గోధుమ పాలు, పంచదార, నెయ్యితో చేసే ఈ హల్వా కొద్ది రోజులు నిలవ ఉంటుంది. నెయ్యి బరువు వల్ల సవారీ మధ్యలో తినేది కాదు. రైల్లో సైకిల్ తీసుకెళ్లేవారు స్టేషన్‌లోని పార్శిల్ ఆఫీసుకు బండి వేళకు చాలా ముందుగా చేరాలి. పెడళ్లు విప్పి, హ్యాండిల్‌ను చట్రానికి సమాంతరంగా తిప్పి, గేరు భాగానికి అట్టముక్క కట్టి, పేరు, చేరాల్సిన స్టేషన్ పెద్ద అక్షరాలతో రెండు చోట్ల రాసి కట్టాలి. రసీదు ఫొటో తీసి ఉంచుకోవాలి. దిగాక సైకిల్ విడిపించుకోవడానికి ఆ రసీదే ఆధారం.